ముసలి బండికి కొత్త కిట్టు

తేనెటీగల పెట్టెలు తెల్లవారకముందే తోటకు చేరాలి. ఆ రోజు అవి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

ఆ పెట్టెలు పెంచే ఆమె ముందురోజే భర్తతో కలిసి బస్సులో వచ్చి, పెట్టెలు దించడానికి చెట్ల వరసల మధ్య ఇటుకలు పేర్పించి ఉంచింది. తోట నిండా పూత విరగబూసి ఉంది. తోట యజమాని వచ్చి దారివైపు చూడడం, వెనక్కి పోవడం పొద్దున్నుంచీ జరుగుతూనే ఉంది. దింపుడు కూలీలు నీడలో తువ్వాళ్లు పరుచుకుని కబుర్లలో పడ్డారు. భర్త ఫోను చెవికి ఆనించుకుని గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. బండి నడుపుకొస్తున్న ఆమె తమ్ముడి ఫోను అందడం లేదు.

వాళ్లు ‘ముసల్ది’ అని పిలుచుకునే పెట్రోలుతో నడిచే ఆ పాత ట్రక్కు చివరికి గేటు దాటి వచ్చింది. ఇంజను ఆపగానే ఆమె చెవులు రిక్కించింది. నిండు పెట్టెలున్న బండి ఆగితే, ఇంజను చప్పుడు పోయాక దాని వెనకనుంచి ఇంకో హోరు వినబడాలి. వలమూతల వెనక వేల రెక్కలు ఒక్కసారిగా ఆడే హోరు. అది చాలా సన్నగా, ఎక్కడో అడుగునుంచి వస్తోంది. బండి పలకల సందుల్లోంచి తేనె తీగలుగా కారి దుమ్ములో పడుతోంది.

ఆమె బండెక్కి ముందు వరసలోని పెట్టె మూత తీసింది. మెత్తబడిన తేనెపట్లు చట్రాలనుంచి ఊడి ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి. ఈగలు తడిసిన టీపొడిలా అడుగున కుప్పపడి ఉన్నాయి. పక్క పెట్టె తీసింది. అదీ అంతే. బండి కదులుతున్నంతసేపూ గాలి తగిలి పెట్టె చల్లగా ఉంటుంది. మూసిన పెట్టె ఎండలో నిలబడితే ఈగలు గాభరాపడి రెక్కలు ఆడిస్తాయి, ఆడించిన కొద్దీ వేడి పెరుగుతుంది. తర్వాత జరిగేది ఇదే.

తమ్ముడు కిందికి దిగాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. “అక్కా, బండి ఆగిపోయింది. మళ్లీ మళ్లీ ఆగిపోయింది,” అన్నాడు.

“ఎక్కడ?”

“ఎక్కడని చెప్పను? గంట నడుస్తుంది, దగ్గి ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే అందుకుంటుంది. ఇంకాస్త దూరం పోయాక మళ్లీ అదే వరస.”

“ఫోను చెయ్యొచ్చుగా?”

“ఆ గుట్టల మధ్య సిగ్నలెక్కడ ఏడ్చింది?”

భర్త వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ముసల్ది ఒక్క తిప్పుకే అందుకుని నిబ్బరంగా ఆడసాగింది. అందరూ అటు చూశారు. కూలీల్లో ఒకడు, “బండికేం, గుండ్రాయిలా ఉంది,” అన్నాడు. భర్త ఇంజను ఆపి దిగాడు.

ఆమె చేతిలో పెట్టె మూత ఇంకా అలాగే ఉంది. దాని లోపలి వైపు అంటుకున్న ఈగ ఒకటి కాలు కదిపి ఆగిపోయింది.

“ఇంజను మీద నెపం పెట్టకురా,” అంది ఆమె. “పడుకున్నావు.”

తమ్ముడు నోరు తెరిచాడు. “నేను పడుకోలేదక్కా.”

“పడుకున్నావు. ఒక్క కునుకు తీద్దామనుకున్నావు, పక్కన ఆపావు, తెల్లారిపోయింది. ఆ మాట చెప్పు. ఇంతమంది ముందు నన్ను వెర్రిదాన్ని చెయ్యకు.”

ఆమె గొంతు పెంచలేదు. అయినా అక్కడ మరే చప్పుడూ లేకపోవడంతో గేటు దగ్గరున్న తోట యజమానికి కూడా ఆ మాట వినబడింది.

భర్తది మెత్తటి మనసు. సర్దబోయాడు. “పోనీ, పడుకోలేదనే అనుకుందాం. అప్పుడు స్పార్కు పుట్టించే పాయింట్లు పోయుండాలి. వాటి బదులు ఎలక్ట్రానిక్ కిట్టు వేయిద్దామని ఎన్నిసార్లు చెప్పాను? నా మాట గాలికి పోయింది.”

“స్పార్కు బాగానే ఉంది బావా. ఆగిన ప్రతిసారీ ప్లగ్గు వైరు పీకి చూశాను. నీలంగా కొడుతోంది. తేడా ఇంకెక్కడో ఉంది.”

“ఎక్కడుంది?”

“అది తెలియలేదు.”

నిద్రపోయి ఉంటే తప్పు అతనిది. పోకపోతే, కిట్టు వద్దని మొండికేసిన తప్పు కూడా అతనిదే. ఎటు తిప్పినా వచ్చి అతని మీదే వాలింది. అతను కూలీలతో కలిసి పెట్టెలన్నీ దించాడు. బతికినవాటిని ఇటుకల మీద, పోయినవాటిని కంచె పక్కన పెట్టాడు. సగానికి పైగా కంచె పక్కకే చేరాయి. పని అయ్యాక బోరింగు దగ్గర చేతులు కడుక్కుని, బండి తాళాలు బానెట్టు మీద పెట్టి, బస్సు రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. ఆమె పిలవలేదు.

మూడో రోజున భర్త ముసల్దాన్ని మెకానిక్కు షెడ్డుకు తీసుకువెళ్లాడు. ఆమె కూడా వెళ్లింది. కొన్నది కళ్లతో చూసుకోనిదే ఆమెకు తృప్తి ఉండదు.

కిట్టు చిన్న అట్టపెట్టెలో ఉంది. గోరంత అయస్కాంతపు ముక్కలు పొదిగిన ఉంగరం, రెండు తీగలున్న నల్లటి బిళ్ల, స్పార్కుకు కరెంటు అందించే, మామూలుదానికన్నా లావైన కాయిలు, ఎర్రటి ప్లగ్గు వైర్లు. భర్త ఒక్కొక్కటీ పైకి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. మెకానిక్కు డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఇంజను తిరిగినప్పుడల్లా రెండు చిన్న లోహపు పెదవులు తెరుచుకుని మూసుకుంటే ప్లగ్గులకు స్పార్కు వెళుతుంది, పాయింట్లంటే అవే. అతను వాటి మధ్య సన్నటి రేకు పెట్టి సందు చూశాడు. తర్వాత విప్పి వేలి మీద పెట్టుకుని ఆమెకు చూపించాడు.

“చూడండమ్మా, అద్దంలా ఉన్నాయి. మీ తమ్ముడు బాగా చూసుకున్నాడు.”

“అయితే తీసేయడం ఎందుకు?” అంది ఆమె.

మెకానిక్కు భర్త వైపు చూసి నవ్వాడు. “అమ్మేవాణ్ణి నేనే, అయినా ఉన్నమాట చెబుతాను. సర్దుకున్న పాయింట్లు ఈ ఇంజనుకు చాలు. కానీ సర్దుతూ ఉండాలి. కిట్టు వేస్తే ఆ చాకిరీ తప్పుతుంది. చలిలో పొద్దున్నే ఒక్క పెట్టున అందుకుంటుంది, అది మాత్రం నిజం.”

“మైలేజీ?” అన్నాడు భర్త.

“పెరిగిందని చెప్పినవాళ్లు చాలామందే. పెరిగిందని చూపించినవాడు ఇంకా నా షెడ్డుకి రాలేదు.”

“మరి ఇంత లావు కాయిలు ఎందుకయ్యా?”

“పెద్ద బిందె ఉంది కదా అని దాహం పెరుగుతుందా సార్? ఇంజను తనకెంత కావాలో అంతే తాగుతుంది. మిగతాది మన తృప్తికి.”

భర్త నవ్వాడు. తృప్తి కూడా అవసరమే కదా అన్నాడు. ఆమె నవ్వలేదు. “మొన్న ఆగింది దేనివల్ల అంటావు?” అని అడిగింది.

మెకానిక్కు ఉంగరాన్ని ఇరుసుకు తొడుగుతూ, “కాయిలు వేడెక్కినా అలాగే ఆగుతుంది. చల్లారితే అందుకుంటుంది,” అన్నాడు. “అలా ఆగడానికి ఇంకా కారణాలున్నాయి. మీ తమ్ముణ్ణి ఓసారి తీసుకురండి. ఆగినప్పుడు ఏం చూశాడో అడిగితే సగం తెలిసిపోతుంది.”

“వాణ్ణెందుకు మళ్లీ,” అన్నాడు భర్త. “కాయిలు కూడా మారుస్తున్నాంగా, సరిపోతుంది.”

పాత పాయింట్లు బల్ల మీద గుడ్డపేలిక పక్కన పడి ఉన్నాయి. మెకానిక్కు కొత్త వైర్లు బిగించి, ఇంజను నడుపుతూ డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి, చప్పుడు కుదురుకున్న చోట బిగించాడు. ముసల్ది పిల్లి గురక పెట్టినట్టు ఆడింది. భర్త బజారంతా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగాక బానెట్టు మీద చెయ్యి వేసి, “వయసు సగం తగ్గింది దీనికి,” అన్నాడు.

సాయంత్రం తోట యజమాని ఫోను చేశాడు. ఈగలు తగ్గితే కాయ తగ్గుతుంది. ఖాళీ అయిన ఇటుకల మీదికి కొత్త పెట్టెలు ఎప్పుడొస్తాయని అడిగాడు. ఆమె రోజు చెప్పింది.

“ఈసారి ఇంజను ఆగనివాణ్ణి పంపండమ్మా,” అని పెద్దగా నవ్వాడు. “మా వాళ్లకు అదొక సామెత అయిపోయింది. పనిలో ఎవడైనా కునుకు తీస్తే చాలు, ‘ఏరా, ఇంజను ఆగిందా?’ అంటున్నారు.”

ఆమె కూడా నవ్వినట్టు ఒక శబ్దం చేసి ఫోను పెట్టేసింది. ఆ తర్వాతి రెండు రోజుల్లో మరో సంగతి తెలిసింది. ఈగల పెట్టెలున్న మరో ఇద్దరు తమ సరుకు తరలించడానికి ఎప్పుడూ తమ్ముణ్ణే పిలిచేవాళ్లు. ఇప్పుడు వేరే డ్రైవర్ల కోసం చూస్తున్నారట. తమ్ముడు ఇటుకల లారీ ఎక్కాడని భర్త చెప్పాడు. “ఇటుకలైతే చచ్చిపోవులే,” అన్నాడు. అన్నాక తనకే బాగోలేక టీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

కొత్త ఈగల గుంపులు పెంచి అమ్మేవాడి ఊరు దూరం. అక్కడికి ఖాళీ పెట్టెలు తీసుకుపోయి నింపుకురావాలి. బయలుదేరే ముందురోజంతా ఆమె పెట్టెలు బాగుచేసింది. కడిగి ఎండలో ఆరబెట్టినవాటిని ఒక్కొక్కటే ఒళ్లోకి తీసుకుని, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సందులు వెతికింది. మైనపు ముద్దను అరచేతిలో పెట్టుకుని మెత్తబడేదాకా పిసికి, చిటికెడు తీసి సందులో పెట్టి బొటనవేలితో నొక్కేది. మాటల మధ్య, ఫోను మధ్య, పొయ్యి మీద పాలు చూసివచ్చే మధ్య ఆ పని సాగుతూనే ఉంటుంది. ఏ పెట్టెకు ఎక్కడ పెట్టావని అడిగితే ఆమెకే తెలియదు. కంత కనబడితే బొటనవేలు దానంతట అదే వెళుతుంది.

పొద్దున్నే బయలుదేరారు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి భర్త స్టీరింగు పట్టుకున్నాడు, ఆమె పక్కన కూర్చుంది. ఊరు దాటి, చెరుకు తోటలు దాటి గుట్టల దారి పట్టారు. గంట గడిచింది. భర్త కిట్టు గొప్పతనం గురించి చెబుతుండగానే ముసల్ది దగ్గింది. ఇంకోసారి దగ్గి, వేగం తగ్గి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగిపోయింది.

భర్త దిగి బానెట్టు ఎత్తాడు. ఎర్ర వైర్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. కాయిలు మీద చెయ్యి పెట్టి, “వేడిగా ఏం లేదే,” అన్నాడు. ఒక ప్లగ్గు వైరు పీకి, ఇంజను మొద్దుకు దగ్గరగా పట్టుకుని, “తాళం తిప్పు,” అన్నాడు. ఆమె తిప్పింది. టిక్కు టిక్కుమని నీలం రవ్వ దూకింది.

“బ్రహ్మాండంగా కొడుతోందే!” అన్నాడు. ఆ గొంతులో సంతోషమూ ఉంది, బెదురూ ఉంది.

కాసేపయ్యాక అందుకుంది. కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. ఈసారి భర్త అద్దంలో ముఖం చూసుకుని చెమట తుడుచుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. వెనక ఖాళీ పెట్టెలు నిశ్శబ్దంగా ఉన్నాయి. మూడోసారి ఆగినప్పుడు, “పెట్రోలు ఎక్కడైనా కారిపోయిందేమో చూడవే. ముల్లు నిండుగా చూపిస్తోంది గానీ దాన్ని నమ్మలేం,” అని మళ్లీ బానెట్టు కిందికి తల దూర్చాడు.

ట్యాంకు బండి పక్కన, పెట్టెల వరస కింద ఉంటుంది. ఆమె మూత పట్టుకుని తిప్పింది. బిగుసుకుపోయింది. కొంగు చుట్టి గట్టిగా తిప్పితే కదిలింది. కదలగానే ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. చాలాసేపు పీల్చింది. లోపల రేకు డుబుక్కుమంది. పెట్రోలు నిండుగానే ఉంది.

ఆమె మూతను వెల్లకిలా తిప్పి, మళ్లీ బోర్లా తిప్పి చూసింది. పైన నడిమధ్యన సూదిబెజ్జమంత కంత ఉండాలి. గతుకుల్లో అందులోంచి పెట్రోలు చింది పై పెట్టెలకు తగిలేది, ఆ వాసనకు ఈగలు రేగేవి. ఇప్పుడు కంత ఉండాల్సిన చోట పసుపుపచ్చ బొట్టులాగా మైనం ఉంది. దాని మీద బొటనవేలి గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఎప్పుడు పెట్టిందో గుర్తు రాలేదు. ఎందుకు పెట్టిందో మాత్రం తెలుసు.

ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోవాలంటే లోపలికి గాలి రావాలి. పాల డబ్బాకు ఒకే చిల్లు పెడితే పాలు రావని ఆమెకు తెలుసు. తనే ఎప్పుడూ రెండు చిల్లులు పెడుతుంది.

తల్లోంచి పిన్ను తీసి మైనం పెకిలించింది. కంతలోంచి వెలుతురు కనబడేదాకా గీకింది. మూత బిగించింది. మైనం ముక్క రోడ్డు పక్క గడ్డిలో పారేసింది.

“ఎంతుంది?” అని భర్త అరిచాడు.

“నిండుగానే ఉంది.”

బండి అందుకుంది. ఇక ఆగలేదు. గుట్టలు దాటాక భర్త భుజాలు సడలాయి. అవతలి ఊరి పొలిమేరలోకి వచ్చాక ఈల వేశాడు. “కొత్త వస్తువు కదా, సర్దుకోవడానికి కాస్త టైము తీసుకుంది,” అన్నాడు. “చూశావా ఇప్పుడు? వెన్నలా పోతోంది.”

ఆమె కిటికీలోంచి చూస్తూ ఊఁ అంది.

మర్నాడు సాయంత్రం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది మరదలు.

“రండి వదినా. భయపడకండి, ఆయన పడుకోలేదు, మేలుకునే ఉన్నాడు,” అంది.

ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. పెరట్లో తమ్ముడు కుళాయి కింద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మడమల నుంచి ఎర్రటి ఇటుకదుమ్ము కరిగి పోతోంది. అక్కను చూసి లేవలేదు. పక్కనున్న పీట కాలితో ఇటు నెట్టాడు.

“మా ఇంజనీరు బావ ఎలా ఉన్నాడు? కిట్టు బాగుందా?”

“పొద్దున్నే ఒక్క తిప్పుకే అందుకుంటోంది.”

“అందుకుంటుంది. మంచి వస్తువే అది. నేనేమన్నా చెడ్డదన్నానా? మనకక్కర్లేదన్నాను.”

“నిన్న గుట్టల్లో ఆగిపోయింది,” అంది ఆమె.

అతను కుళాయి కట్టేసి చూశాడు. ఆమె అంతా చెప్పింది. గంట నడవడం, దగ్గడం, మూత, గాలి పీల్చడం, మైనం. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. తన వేలిముద్ర సంగతి కూడా చెప్పింది.

“మైనమా!” అన్నాడు తమ్ముడు. నవ్వు వచ్చింది అతనికి. ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వాడు. “కార్బొరేటరు విప్పి ఊదాను, పైపులు ఊదాను. బుర్ర బద్దలు కొట్టుకున్నాను గానీ మూత తిప్పాలని తోచలేదు చూడు. ఒక్కసారి తిప్పినా సరిపోయేది. ట్యాంకు నిండుగా ఉందిగా, ఎందుకు తిప్పుతాం!” మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె నవ్వడం లేదు. కాసేపటికి అతని నవ్వు కూడా ఆగిపోయింది.

“తప్పు నాదిరా,” అంది ఆమె. “నువ్వు పడుకోలేదు.”

అతను తువ్వాలు తీసుకుని వేళ్ల సందులు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“నేను పడుకోలేదని నాకు ముందే తెలుసక్కా. నాకు చెబితే నాకేం కొత్త?”

“మరి ఎవరికి చెప్పమంటావు?”

“ఆ రోజు ఎవరెవరున్నారో నీకు గుర్తుందా?”

ఆమెకు గుర్తుంది. తోట యజమాని, దింపుడు కూలీలు, ఆమె భర్త.

“ఇటుకలు మోసుకుని నేను బతకలేక కాదు,” అన్నాడు తమ్ముడు. “నిన్న డీజిలు బంకులో ఎవడో ముక్కూముఖం తెలియనివాడు ‘ఇంజను ఆగిందా అన్నా’ అన్నాడు. వాడికి ఆ మాట ఎక్కడిది? నువ్వు ఆ మాట అక్కడ అన్నావు. ఇది కూడా అక్కడే అను. అంతకంటే నిన్నేమీ అడగను.”

“అంటాను,” అంది ఆమె.

“భోంచేసి వెళ్లండి వదినా,” అంది మరదలు. గొంతులో పదును తగ్గింది. ఆమె తిని వచ్చింది.

కొత్త పెట్టెలు తోటకు వెళ్లిన రోజున ముసల్ది ఎక్కడా ఆగలేదు. తెల్లవారేలోపే గేటు దాటింది. ఈసారి ఇంజను ఆపగానే వెనకనుంచి హోరు నిండుగా వినబడింది. కూలీలు తువ్వాళ్లు నడుముకు బిగించారు. తోట యజమాని ఎదురొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏమిటి సార్, ఈసారి గడియారంలా వచ్చారు!”

“అంతా కిట్టు మహిమ,” అని భర్త ఫోను లైటు వేసి బానెట్టు ఎత్తాడు. ఎర్ర వైర్లు చూపించాడు, లావు కాయిలు చూపించాడు. కూలీలు కూడా మూగి తలలు దూర్చి చూశారు.

“వైర్లదేముంది సార్,” అన్నాడు వాళ్లలో ఒకడు. “నడిపేవాడు కళ్లు తెరిచుంటే ఏ బండైనా వస్తుంది.” అందరూ నవ్వారు. తోట యజమాని ఆమె వైపు తిరిగి, “అవునమ్మా, మీ తమ్ముడు ఇప్పుడెక్కడ పడుకుంటున్నాడు?” అన్నాడు.

ఆమె బండి పక్కన, పెట్రోలు మూత దగ్గర నిలబడి ఉంది. అందరూ ఉన్నారు. ఎవరూ తగ్గలేదు. నవ్వు సద్దుమణిగి అందరూ ఆమె జవాబు కోసం చూశారు. భర్త బానెట్టు పట్టుకుని, ముఖం వెలిగిపోతూ చూస్తున్నాడు.

“ఇటుకల లారీ నడుపుతున్నాడు,” అంది.

“మంచిదే,” అన్నాడు తోట యజమాని. “ఇటుకలకు తొందరేం ఉండదు.”

ఇంకొకసారి నవ్వుకుని పనిలో పడ్డారు. ఆమె బండెక్కి పెట్టెలు అందించింది. ఇటుకల మీద కుదురుకున్నవాటి వలమూతలు ఒక్కొక్కటే తీసుకుంటూ వరస చివరిదాకా వెళ్లింది. వెలుగు రాగానే ఈగలు మొదట గుమ్మం దగ్గర తచ్చాడి, తర్వాత చుట్టూ తిరిగి చోటు గుర్తుపట్టి, పూత మీదికి లేచాయి. కూలీలు చేతులు కడుక్కుని టీ తాగి వెళ్లిపోయారు. తోట యజమాని కాసేపు పెట్టెల దగ్గర నిలబడి, ఇల్లు చేరాక ఫోను చెయ్యమని చెప్పి వెళ్లాడు. భర్త బండి తిప్పి గేటు దగ్గర పెట్టి హారను కొట్టాడు.

ఆ పూత అయిపోయింది. పెట్టెలు వేరే తోటకు, వేరే మనుషుల మధ్యకు మారాయి. మూత కంత సంగతి భర్తకు తెలియదు. తమ్ముడు ఆ రోజు పడుకోలేదన్న మాట ఆమె అక్కడ ఇంకా అనలేదు.